గూడు ముందు, కోడి తరువాత



ప్రొద్దు గ్రుంకు వేళ మీ యింటి ఇల్లాలు దొడ్డిలో నిలబడి, పిడికెడు నూకలు చల్లి, కోళ్లను లెక్కపెట్టుట మీరు ఎన్నోమార్లు చూచియుందురు. నిన్నటివరకు తల్లికోడి వెంట పదకొండు పిల్లలు తిరిగినవి. నేడు తొమ్మిదే యున్నవి. ఆమె దొడ్డి వెనుక కంపలో వెదకును, గడ్డివామి చుట్టు తిరుగును. ఒక్క ఈకయైనను కనుపించదు. “ముంగిస ఎత్తుకొని పోయినది కాబోలు, మన ప్రాప్తమింతే” అనుకొని లోపలికి పోవును. మీరును “పోనిమ్ము, కోడిపిల్లయే కదా” అందురు. మరునాడు మరల లెక్క తగ్గును.

ఈ “ప్రాప్తమింతే” అను మాటతోనే నాకు పేచీ. పత్తికి పురుగు పట్టినచో మనము ప్రాప్తమని ఊరుకొనుట లేదు. మిరపకు ముడత వచ్చినచో రాత్రికి రాత్రి పరుగెత్తుచున్నాము. ఇంటి వెనుక కోళ్లు పోవుచున్నప్పుడు మాత్రము చేతులు ముడుచుకొని కూర్చుందుము. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట గ్రామములలో కోళ్లు పోవుటకు కారణము ముంగిస కాదు, గద్ద కాదు, మన గూడు. లేదా గూడు లేకపోవుట. ఈ మాటను మీముందు పెట్టి, దానికి తగిన ఉపాయములను కూడ చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఎవరి సొమ్ము పోవుచున్నది?

పత్తి అమ్మిన సొమ్ము యజమాని చేతికి వచ్చును. వచ్చినంత త్వరగా ఎరువుల దుకాణమునకో, అప్పులకో పోవును. కోడి అమ్మిన సొమ్ము అట్టిది కాదు. అది ఇల్లాలి కొంగుముడిలో చేరును. పిల్లవానికి నోటు పుస్తకము, ముసలి అత్తగారికి మందుబిళ్లలు, పుట్టింటికి పోవుటకు బస్సు చార్జీ, చుట్టము వచ్చిననాడు కూర, ఇవన్నియు ఆ ముడిలోనుండి వచ్చునవే. భూమి లేని కూలి కుటుంబములకైతే ఏ కాగితము మీదను సంతకము పెట్టకుండ ఎప్పుడు కావలసిన అప్పుడు తీసికొనగల నిలువధనము ఈ కోళ్లే. బడికి పోవు పిల్లలకు గుడ్డు దొరకుటయు ఇక్కడినుండియే.

ఆంధ్రప్రదేశ్ గుడ్ల ఉత్పత్తిలో దేశములో ముందున్న రాష్ట్రము. ఆ గుడ్లలో అత్యధిక భాగము పెద్ద ఫారములవి. అయినను పెరటి కోడి కాలము చెల్లినదని యెవరైన అనుకొన్నచో పొరపాటు. 2019లో జరిగిన 20వ పశుగణనలో దేశమునందలి పెరటి కోళ్లు సుమారు 31 కోట్ల 70 లక్షలని తేలినది. 2012 నాటి లెక్కకంటె ఇది సుమారు 46 శాతము ఎక్కువ. ఫారము కోళ్లు అదే కాలములో 4.5 శాతము మాత్రమే పెరిగినవి. పెరటి కోడికి గిరాకి యున్నది, ధర యున్నది. లేనిది కాపుదల.

ఒక చిన్న లెక్క వేయుదము. ఒక నాటుపెట్ట 12 గుడ్లు పొదిగి, 21 దినములకు 10 పిల్లలను లేపినదనుకొందము. ఆరు వారముల లోపల ఆరు పిల్లలు పోయి నాలుగు మిగిలినవనుకొందము. పెట్ట పొదుగుట మీద కూర్చున్న మూడు వారములు, పిల్లలను త్రిప్పిన కాలము, ఆ కాలమంతయు అది పెట్టకపోయిన గుడ్లు, ఈ ఖర్చంతయు ఆ నాలుగింటి మీదనే పడును. ఆరుకు మారుగా రెండే పోయినచో ఎనిమిది మిగులును. అదే పెట్ట, అదే దొడ్డి, అదే మేత. ఫలము మాత్రము రెట్టింపు. క్రొత్త జాతి తేనక్కరలేదు. ఉన్నదానిని పోకుండ చూచుకొన్నచో చాలును.

శత్రువులకు విడిది మనమే ఇచ్చుచున్నాము

జగ్గయ్యపేట, నందిగామలు 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. అయినను కృష్ణా జిల్లా మెట్ట యనగానే పెద్దలకు ఇప్పటికిని గుర్తుకు వచ్చునవి ఈ తాలూకాలే. డెల్టా గ్రామములో ఇంటి వెనుక తడిపొలము ఉండును. ఇక్కడ ఇంటి వెనుక బీడు. ఆ బీడు నిండ సర్కారు తుమ్మ. కొంచెము దూరమున మునియేటి పొదలో, పాలేటి గట్టులో. జగ్గయ్యపేట వైపునైతే సున్నపురాయి గుట్టలు, తవ్వి వదలిన గోతులు. నక్కకు, బావురుపిల్లికి, ఉడుమునకు ఇంతకంటె మంచి నివాసము లేదు.

మన ప్రాంతము ఎడారి కాదు. కాని ఏప్రిల్, మే నెలలలో ఎడారి లక్షణములన్నియు కనుపించును. వాగులు ఎండును, చెలమలు ఇంకిపోవును, బీటిలో పచ్చని ఆకు కనుపించదు. అప్పుడు జంతువు ఊరివైపు వచ్చును. కోళ్ల తొట్టిలోని నీరు, చల్లిన నూకలు, ఆ నూకలకై వచ్చు ఎలుకలు, ఆ ఎలుకల వెంట పాములు, ముంగిసలు, ఇట్లు వరుసగా వచ్చి దొడ్డిలో చేరును. ముంగిస కోడికొరకే వచ్చినదనుకొనుట పొరపాటు. అది ఎలుకకై వచ్చి, ఎదురుగా కోడిపిల్ల కనుపించగా దానిని పట్టును.

ఇక పత్తికట్టె మాట. పత్తి తీతలు ముగిసిన పిమ్మట కట్టెను పీకి, వంటచెరకునకై ఇంటి వెనుక గోడకు చేర్చి పెద్ద వామిగా వేయుదుము. సరిగా దాని ప్రక్కనే కోళ్ల గూడు. ఆ వామి అడుగు భాగము ముంగిసకు, పందికొక్కుకు, పామునకు మనము కట్టి యిచ్చిన ఇల్లు. గూటినుండి వామికి నాలుగు అడుగులే యైనచో ముంగిస ఒక్క దుముకుతో పిల్లను పట్టి లోపల దూరును. కట్టెవామిని గూటికి కనీసము 30 అడుగుల దూరమున వేయుడు. వామి క్రింద నాలుగు రాళ్లు పెట్టి, వాటిపై దూలములు వేసి, ఆపైన కట్టె పేర్చినచో అడుగున వెలుతురు ఆడును. అచ్చట ఏ జంతువును నిలువదు. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు.

దొంగను గుర్తించుట

పంటకు తెగులు గుర్తించక మందు కొట్టినచో ఏమగునో మీకు తెలియును. కోళ్ల విషయమునను అంతే. ప్రతి నష్టమును ముంగిసపైననే వేయుట అలవాటైపోయినది. ఇకమీదట ఈ గుర్తులను చూడుడు.

పట్టపగలు పిల్ల మాయమైనచో ముంగిసయో, గద్దయో, కాకియో, డేగయో కావలెను. మన ఊళ్లలో తిరుగు ముంగిస పగటివేట జంతువు. అర్ధరాత్రి గూటిలో కోడి చచ్చినచో ముంగిసను నిందించుట తప్పు. పెద్దకోడి మెడ, తల కొరకబడి, రక్తము కారి, కళేబరము అక్కడనే పడియున్నచో, అదియు పగలు జరిగినచో, అది ముంగిస పనియై యుండవచ్చును.

రాత్రివేళ కోడి మొత్తము పోయి, దారిపొడుగున ఈకలు మాత్రము రాలియున్నచో బావురుపిల్లియో, నక్కయో వచ్చినదని తెలియవలెను. తాడిచెట్లు, చింతచెట్లు దగ్గరనున్న ఇండ్లలో మానుపిల్లి పైకప్పు గుండ దిగును. కోళ్లు నాలుగైదు చచ్చి, తినక వదలి, ఈకలు దొడ్డియంతట చెదరియున్నచో అది ఊరకుక్కల పని. గుడ్డు పెంకుతో సహా మాయమైనచో పామును, ఉడుమును అనుమానింపుము. గుడ్డునకు చిల్లు పడి సొన కారియున్నచో కాకిని అనుమానింపుము. గూటి మూలలో క్రొత్తగా మన్ను తోడి కన్నము కనుపించినచో పందికొక్కు. గడియ తీసియుండి, ఒక్క ఈక రాలక, సంక్రాంతి ముందు మంచి పుంజు పోయినచో, ఆ దొంగకు రెండే కాళ్లని వేరుగ చెప్పనక్కరలేదు. దానికి తాళము తప్ప వేరు మందు లేదు.

గూటి ప్రక్క గోడమీద బొగ్గుతో గీత గీయుడు. పిల్లవాని పాత నోటు పుస్తకమైనను చాలును. ఏనాడు, ఏవేళ, ఏ గుర్తుతో కోడి పోయినదో వ్రాయుడు. మూడు నెలలు వ్రాసినచో మీ దొడ్డి దొంగ ఎవరో మీకే తెలియును. వందలో వంతు శ్రమతో వంద అపోహలు పోవును.

మరియొక హెచ్చరిక. జబ్బుపడిన కోడి ముందుగా పట్టుబడును. మూలుగుచు మూల కూర్చున్న కోడిని కుక్క ఎత్తుకొనిపోయినచో, దానిని చంపినది కుక్క కాదు, కొక్కెర తెగులు కావచ్చును. మొదటి వారములో లసోటా చుక్కలు, ఎనిమిదవ వారములో ఆర్.టు.బి. టీకా వేయింపక, నష్టమంతయు జంతువులపై రుద్దుట న్యాయము కాదు. చచ్చిన కోడిని చెరువులో, రోడ్డు ప్రక్క విసరివేయుటయు తగదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఇట్టి అలవాటు ఎంత ప్రమాదకరమో అందరమును తెలిసికొంటిమి. విసరిన కళేబరము వ్యాధిని వ్యాపింపజేయును. ఊరకుక్కకు కోడి రుచి మప్పును. లోతుగా గొయ్యి తీసి, సున్నము చల్లి పూడ్చుడు.

చంపుట మార్గము కాదు

“వచ్చినదానిని చంపినచో పీడ విరుగును గదా” యని కొందరు అందురు. పురుగుమందు కలిపిన మాంసపు ముక్కలు దొడ్డి చుట్టు వేయువారు ఉన్నారు. ఉచ్చులు పన్నువారు ఉన్నారు. దడికి కరెంటు తీగ చుట్టువారు కూడ ఉన్నారు. ఈ మూడును తప్పులే.

మొదటిది చట్టము. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవి జంతువును చంపుట మాత్రమే కాదు, విషము పెట్టుట, ఉచ్చు పన్నుట, పట్టుట కూడ వేట క్రిందికే వచ్చును. ముంగిస, ఉడుము, బావురుపిల్లి, నక్క, పునుగుపిల్లి, నాగుపాము, జెర్రిపోతు ఇవన్నియు ఆ చట్టపు రక్షణలో ఉన్నవి. ఒక కోడిపిల్లకొరకు కేసులలో చిక్కుకొని కోర్టుల చుట్టు తిరుగుట వివేకము కాదు. గూటిలో జంతువు చిక్కినచో అటవీశాఖవారికి కబురు చేయుడు.

రెండవది ప్రాణభయము. విషపు ముక్కను ముంగిసయే తినునని హామీ లేదు. మీ కుక్క తినును, పొరుగువాని పిల్లి తినును, ఆ కళేబరమును గద్ద తినును. పురుగుమందు అంటిన చేతితో ఆడుకొను పసిబిడ్డకే ముప్పు రావచ్చును. కరెంటు తీగకు జంతువును, మనిషిని వేరు చేయు తెలివి లేదు. అడవిపందులకని పెట్టిన తీగలకు రైతులే బలియైన వార్తలు మన తెలుగునాట ఎన్ని చదువుట లేదు?

మూడవది మన లాభము. ముంగిస, జెర్రిపోతు, చూరులలో నుండు తెల్లని ముఖము గల గూబ, ఇవి ఎలుకలను తినునవి. మినుము, కంది, వేరుసెనగ చేలలో ఎలుకలు, పందికొక్కులు చేయు నష్టము మీకు తెలియనిది కాదు. ఆ గూబను అపశకునమని కొట్టి చంపుచున్నాము. అది కోడి జోలికి వచ్చునది కాదు. పొలములో మిత్రుడు, దొడ్డిలో శత్రువు అన్నట్లున్న ఈ జంతువులను పొలములోనే ఉంచుటకు ఉపాయము, దొడ్డిలో వాటికి అందునది ఏదియు లేకుండ చేయుటయే.

ఈ సందర్భమున దూరదేశపు కథ యొకటి జ్ఞాపకము వచ్చుచున్నది. 1872లో జమైకా దీవిలో చెరకుతోటల ఎలుకలను చంపించుటకై మన కలకత్తానుండి తొమ్మిది ముంగిసలను ఓడలో తీసికొనిపోయిరి. మొదట ఎలుకలు తగ్గినవని సంతోషించిరి. 1883లో హవాయి దీవులకు కూడ వాటి సంతతిని కొనిపోయిరి. కాని ఎలుకలు ముఖ్యముగా రాత్రి తిరుగునవి, ముంగిస పగలు తిరుగునది. కొలదికాలములోనే ఆ ముంగిసలు నేలపై గూళ్లు పెట్టు పక్షులపైన, రైతుల కోళ్లపైన పడినవి. ముంగిసకు మనమీద పగ లేదు, ప్రేమ లేదు. తనకు మెలకువగా నున్న వేళ ఏది సులువుగా దొరకునో దానిని తినును. మన కోడి సులువుగా దొరకకుండ చేయుట మన పని.

గూడు ఎట్లుండవలెను?

మన గ్రామములలో గూడు రెండు విధములు. ఒకటి నేలపై మట్టిగోడల చిన్న అర, తలుపునకు అడ్డముగా ఒక రాయి. రెండవది అసలు గూడు లేకుండ కోళ్లు చింతకొమ్మపైననో, వసారాలోనో ప్రొద్దుపుచ్చుట. రెండవదానిని గురించి చెప్పనక్కరలేదు. మొదటిదానిలో రెండు లోపములు. పందికొక్కు మట్టి గోడను తోడును. వేసవిలో గాలి ఆడక కోళ్లు ఉడికిపోవును. ఉడుకు తాళలేక ఇల్లాలు మే నెలలో తలుపురాయి తీసి ఉంచును. ఆ రాత్రియే బావురుపిల్లి వచ్చును.

మూసినచో ఉడుకు, తెరచినచో దొంగ. ఎండ దేశమున కోళ్ల పెంపకమునకు ఇదియే అసలు చిక్కు. గాలి రావలెను, జంతువు రాకూడదు. దీనికి సాధనము ఇనుప వల.

పది పండ్రెండు పెద్దకోళ్లకు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు గల గూడు చాలును. అది రాత్రి పడకకు మాత్రమే గనుక కోడికి ఒక చదరపు అడుగు చొప్పున సరిపోవును. గూటిని నేలపై గాక 2 లేక 3 అడుగుల ఎత్తుగల కాళ్లపై నిలుపుడు. కాళ్లకు అడుగు మేర నున్నని రేకు చుట్టినచో ఎలుక, పాము ఎక్కుట కష్టము. గోడకు, చెట్టుకు ఆనించక ఎడముగా నిలుపుడు. పొడవైన వైపులు ఉత్తరమునకు, దక్షిణమునకు ఉండునట్లు పెట్టినచో ఉదయపు ఎండ, సాయంకాలపు ఎండ లోపలికి సూటిగా కొట్టవు.

ప్రక్కలకు అర అంగుళము కన్నులు గల వెల్డుమెష్ కొట్టుడు. దుకాణములో చవుకగా దొరకు ఆరుపలకల కోళ్లవల కోడిని లోపల ఉంచును గాని కుక్కను బయట ఉంచదు. కుక్క దానిని పంటితో లాగి చింపును. దాని కన్నులగుండ పాము, చిన్న ముంగిస దూరును. మీ రెండు వ్రేళ్లు పట్టు సందు ఎక్కడ నున్నను అది పామునకు దారి. మీ పిడికిలి పట్టు సందు ముంగిసకు దారి. గూడు కట్టిన పిమ్మట చేతితో తడవి ఈ పరీక్ష చేయుడు.

అడుగున వెదురు బద్దలు సన్నని సందుతో పరచి, వాటిక్రింద మెష్ కొట్టుడు. రెట్ట క్రిందికి రాలును. గోమార్లు, నల్లులు తగ్గును. ఆ రెట్ట పెంటకుప్పకు మంచి ఎరువు. పైకప్పునకు తాటాకు శ్రేష్ఠము. ఒట్టి రేకు వేసినచో వేసవిలో పెనమువలె కాలును. కాని తాటాకు మాత్రమే యున్నచో మానుపిల్లి దానిని చీల్చుకొని దిగును. తాటాకు క్రింద ముందుగా మెష్ పరచుడు. లోపల రెండంగుళముల లావు, అంచులు గుండ్రముగా చెక్కిన దండెము ఒకటి రెండు కట్టినచో కోళ్లు అంచులకు దూరముగా నిద్రించును.

తలుపునకు త్రాడు చాలదు. గడియ పెట్టి, గడియకు చీల దిగవేయుడు. చీకటి పడకముందే మూయుడు. బాగుగా తెల్లవారిన పిమ్మటనే తీయుడు. బావురుపిల్లి, నక్క సంధ్యవేళల వేటగాండ్రు. కోడి కూసినదని నాలుగు గంటలకే తలుపు తీయుట వాటికి విందు పిలుపు.

మట్టి గూడే ఉన్నవారు దానిని పడగొట్టనక్కరలేదు. నేలను నాపరాళ్లతో పరచి, సందులు సిమెంటుతో పూడ్చి, ఎదుటివైపున మెష్ బిగించిన తలుపు పెట్టుడు. గోడ చుట్టు అడుగు వెడల్పున మెష్‌ను నేలపై పరచి, దానిపై రాళ్లు పేర్చుడు. త్రవ్వు జంతువు గోడ దగ్గరకు వచ్చి త్రవ్వును గాని అడుగు వెనుకనుండి సొరంగము వేయు ఆలోచన చేయదు.

ఇందులో మనుష్యుల క్షేమము కూడ ఇమిడియున్నది. చీకటిలో గుడ్లబుట్టలో చేయిపెట్టి కాటు తిను ప్రమాదము మన ఆడవారికి ఎల్లప్పుడును ఉన్నది. నాగుపాము గుడ్లకు, పిల్లలకు, ఎలుకలకు వచ్చును. కట్లపాము, రక్తపింజర కూడ మన మెట్టలో ఉన్నవి. నేలగూటిలో వంగి చేయి చాపుటకంటె, నడుము ఎత్తున నున్న గూటిలో టార్చి వేసి చూచి చేయి పెట్టుట ఎంతో మేలు. కాటు పడినచో మంత్రమునకు, ఆకుపసరునకు కాలము వ్యర్థము చేయక, కాటు పడిన అవయవమును కదలనీయక, విషమునకు విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసికొనిపోవలెను.

మొదటి ఆరు వారములు

పెద్దకోడికి రాత్రి ప్రమాదము, పిల్లకు పగటి ప్రమాదము. గూడు రాత్రిని కాపాడును. పగటిని కాపాడుటకు మూడు పనులు చేయవలెను.

మొదటిది గంప. మన పూర్వులు తల్లిని, పిల్లలను గంపక్రింద మూయుట ఎరుగుదురు. మొదటి రెండు వారములు పిల్లలను గంపక్రిందనో, మెష్ బిగించిన చట్రము క్రిందనో ఉంచి, మేత, నీరు అక్కడనే పెట్టుడు. వేసవిలో గంపను నీడలోనే ఉంచవలెను. ఎండలో ఉంచి మరచినచో గద్ద చేయు పని ఎండయే చేయును.

రెండవది పందిరి. దొడ్డిలో సొర, బీర, చిక్కుడు పందిరి వేయు అలవాటు మనకున్నదే. నాలుగైదు అడుగుల ఎత్తున ఆ పందిరి నుండినచో, పిల్లలు దానిక్రింద తిరుగును. గద్ద పైనుండి వాలలేదు. తీగ అల్లుకొనులోపల పాత చేపలవల పైన కట్టినను సరిపోవును. కూరకు కూర, కోడికి గొడుగు.

మూడవది దడి. తుమ్మకంప, రేగుకంప దడి ఎండిన ప్రాంతములన్నిటిలోను మంచి సాధనము. కుక్కను, నక్కను ఆపును. ముంగిసను ఆపలేదని మాత్రము జ్ఞాపకముంచుకొనుడు. దడిలోపలివైపు రెండు గజముల మేర గడ్డి, పొద లేకుండ చదును చేసి యుంచినచో, దాగి వచ్చు జంతువునకు చాటు దొరకదు.

పుంజు మాట కూడ వినుడు. ఆకాశమున గద్ద కనుపించినపుడు పుంజు చేయు కూత వేరు, నేలపై జంతువు కనుపించినపుడు చేయు కూత వేరు. రెండు దినములు శ్రద్ధగా విన్నచో తేడా తెలియును. మందలో తెలివైన పుంజు ఒకటి యుండుట కావలికాడు ఉన్నట్లే. పిల్లనాటినుండి కోళ్లతో పెరిగిన కుక్కయు మంచి కావలియే.

జాతుల విషయము రెండు మాటలు. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థవారు వనరాజ, గ్రామప్రియ జాతులను పెరటి పెంపకమునకే తయారుచేసిరి. వాటి రంగుల ఈక దొడ్డిలో కలిసిపోవును. తెల్లకోడి పైనున్న గద్దకు మైలు దూరమునుండి కనుపించును. అయితే బరువైన కోడి ఎగిరి తప్పించుకొనలేదు. మన నాటుపెట్ట తక్కువ గుడ్లు పెట్టినను, పొదుగుటలో, పిల్లలను కాచుటలో దానికి సాటి లేదు. కనుక మేలుజాతి కోళ్లను తెచ్చువారు నాటుపెట్టను వెళ్లగొట్టకుడు. ఎంత బరువైన జాతిని తెత్తురో అంత గట్టి గూడు కట్టుడు.

గ్రామాధికారులకు ఒక మనవి

పెరటి కోళ్ల పథకము వచ్చినప్పుడెల్ల మనము ఒక దృశ్యమును చూచుచున్నాము. అట్టపెట్టెలలో నాలుగు వారముల పిల్లలు వచ్చును. పేర్లు చదువుదురు, ఫోటో తీయుదురు, పిల్లలను పంచుదురు. రిజిస్టరులో సంఖ్య నిండును. మూడు నెలల పిమ్మట ఆ ఇండ్లకు పోయి లెక్కపెట్టువారు అరుదు. గూడు లేని ఇంటికి కోడిపిల్లలను ఇచ్చుట ఇల్లాలికి సహాయము చేయుట కాదు. ముంగిసకు, ఊరకుక్కకు రేషను ఇచ్చుట.

కావున నా అభిప్రాయమిది. ఏ పథకము క్రిందనైనను, గూడు కంటితో చూడకుండ ఒక్క పిల్లను కూడ ఇవ్వరాదు. సొమ్ము పరిమితముగా నున్నచో పిల్లల సంఖ్య తగ్గించి, ఆ సొమ్ముతో మెష్ ఇప్పించుడు. ఇరువది పిల్లలు ఇచ్చి అయిదు మిగులుటకంటె, పది పిల్లలు ఇచ్చి ఎనిమిది మిగులుట మేలు. కోళ్ల షెడ్డు ప్రజాధనమునకు తగిన పనియే యని 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రిందనే గుర్తింపు లభించినది. పేద కుటుంబముల కోళ్ల షెడ్లకు అందులో చోటు కల్పించిరి. ఆ దృష్టిని విడువరాదు.

“బీదవారు ఇంత గూడు ఎక్కడ కట్టగలరు?” అను ప్రశ్న న్యాయమైనదే. కఱ్ఱ, వెదురు, తాటాకు ఊరిలోనే దొరకును. కొనవలసినది మెష్, మేకులు, గడియ మాత్రమే. పొదుపు సంఘపు అక్కచెల్లెండ్రు పదిమంది కలిసి ఒక చుట్ట మెష్ కొని పంచుకొన్నచో ఒక్కొక్కరికి భారము తగ్గును. నిరుడు మీ ఇంటిలో పోయిన కోళ్లను వ్రేళ్లమీద లెక్కించి, వాటిని సంతలో అమ్మినచో వచ్చెడి ధరను, మెష్ ధరను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనుడు. నేను చెప్పుటకంటె ఆ లెక్కయే మీకు బాగుగా చెప్పును.

గ్రామ పశుసంవర్ధక సహాయకులు టీకాలకు వచ్చినపుడు గూటిని కూడ చూచి, సందు ఎక్కడ నున్నదో వ్రేలితో చూపవలెను. రైతు సేవా కేంద్రము ఆవరణలో మాదిరి గూడు ఒకటి కట్టించి ఉంచినచో పది ఉపన్యాసముల పని అది యొక్కటియే చేయును. మన రైతు చెప్పినది మరచును గాని చూచినది మరువడు. పంచాయతీవారు ఊరకుక్కల సంతతి నిరోధమునకు, మాంసపు దుకాణముల వ్యర్థమును ఊరి చివర పారవేయకుండుటకు శ్రద్ధ చేయవలెను. ఆ కుప్పలమీద పెరిగిన కుక్కలే కోళ్ల దొడ్లమీద పడుచున్నవి.

సోదరులారా, ఈ పని పురుషులకు సంబంధించినది కాదని అనుకొనకుడు. కోడి ఇల్లాలిది కావచ్చును. గూటికి గుంజ పాతవలసిన చేయి మీది. పత్తితీతలు అయిపోయి, మిరపకాయ కల్లములోనికి వచ్చునాటికి ఒకటి రెండు దినములు తీరిక దొరకును. వేసవి ముదిరి వాగులు ఎండక ముందు, ఆ రెండు దినములు ఈ పనికి వెచ్చింపుడు. కట్టెవామిని దూరము జరుపుడు. గూటిని కాళ్లమీద నిలుపుడు. గడియకు చీల పెట్టుడు.

అటుపిమ్మట ఒక సాయంకాలము మీ ఇల్లాలు దొడ్డిలో నూకలు చల్లి కోళ్లను లెక్కపెట్టునప్పుడు, మీరును ప్రక్కన నిలబడి వినుడు. నిన్న పదకొండు, నేడును పదకొండు. ఆ మాట ఆమె నోట వినుటకైనను ఒక గూడు కట్టవచ్చును.